ఫోన్ పోయినా, సిగ్నల్ పోయినా టెలికాం శాఖలో ఎవరిని అడగాలి?

పరకాల పత్తిచేను
అందరికీ నమస్తే. మేడారం జాతరలో మా నాన్న ఫోన్ పోయింది. జంపన్నవాగులో స్నానం చేసి ఒడ్డుకొచ్చి చూసుకుంటే చొక్కా ఉంది, జేబులో ఫోన్ లేదు. రెండు సిమ్‌ల ఫోన్. బ్యాంకు అకౌంట్, ఫోన్‌పే అన్నీ ఆ నంబర్ మీదే. రైతు భరోసా పడేది కూడా ఆ అకౌంట్‌లోనే. కంపెనీకి ఫోన్ చేసి సిమ్‌లు రెండూ ఆపించాం. మా ఊళ్లో ఒకాయన "ఢిల్లీ టెలికాం శాఖ వాళ్లకు చెప్తే ఫోన్‌నే పనిచేయకుండా చేస్తారు, ఏ సిమ్ వేసినా లేవదు" అంటున్నాడు. నిజమేనా? నిజమైతే ఎవరికి చెప్పాలి? నాన్న అయితే ఢిల్లీకి రిజిస్టర్ పోస్టు పెడదామంటున్నాడు.

చౌరస్తా రిపేరు దుకాణం
నిజమే అన్నా. పోస్టు ఖర్చు వద్దు. టెలికాం శాఖకు సంచార్ సాథీ అని వెబ్‌సైట్ ఉంది, యాప్ కూడా ఉంది. వరుస మాత్రం తప్పొద్దు. ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితం, దాని నంబర్ తీసుకోండి. తర్వాత అదే నంబర్‌కు డూప్లికేట్ సిమ్ తీసుకోండి. అప్పుడు సైట్‌లో పోయిన ఫోన్ బ్లాక్ చేసే చోటికి వెళ్లి ఫారం నింపాలి. ఎక్కడ పోయింది, ఏ తేదీ, ఏ స్టేషన్, ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు, కొన్న బిల్లు అడుగుతుంది.

రెండు చోట్ల జనం ఆగిపోతారు. ఒకటి, కొత్త సిమ్ వేశాక ఒక రోజంతా ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ చెడిపోయిందని మా దుకాణానికి వచ్చి లొల్లి పెట్టుకుంటారు. వేరేవాడెవడో మన పేరుతో డూప్లికేట్ సిమ్ తీసి ఓటీపీలు లాగకుండా పెట్టిన నిబంధన అది. అందుకని ఓటీపీ కోసం ఇంట్లో ఇంకొకరి నంబర్ ఇవ్వండి. రెండు, ఐఎంఈఐ, అంటే ఫోన్ సొంత నంబర్. ఫోన్ డబ్బా పక్కన తెల్ల స్టిక్కర్ మీద, బార్‌కోడ్ కింద 15 అంకెలు ఉంటాయి. మీది రెండు సిమ్‌ల ఫోన్ కాబట్టి రెండు నంబర్లు ఉంటాయి. చాలా ఫోన్లలో చివరి ఒకటి రెండు అంకెలే తేడా. ఒకే నంబర్ రెండుసార్లు అచ్చు వేశారనుకుని ఒకటి వదిలేస్తారు. రెండూ ఎక్కించాలి. డబ్బా పారేస్తే బిల్లు మీద చూడండి. అదీ లేకపోతే నాన్నగారి గూగుల్ అకౌంట్‌తో ఫైండ్ హబ్ (పోయిన ఫోన్ వెతికే గూగుల్ సదుపాయం) తెరవండి, ఫోన్ వివరాల్లో కనిపిస్తుంది.

ఇది చదివే మిగతావాళ్లు ఇప్పుడే *#06# కొట్టి, వచ్చిన నంబర్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఫొటో తీసి అదే ఫోన్‌లో దాచేవాళ్లను రోజూ చూస్తున్నా.

నర్సంపేట టీచరమ్మ
ఆ చివరి మాట మా ఆయన గురించేనా? 😄

కాజీపేట జంక్షన్
బ్లాక్ చేస్తే ఫోన్ ఎక్కడుందో ఇక తెలియదు గదా? దొరికే ఫోన్‌ను మనమే చెడగొట్టుకున్నట్టు కాదా?

ఎక్స్ఛేంజి పెద్దాయన
కాదు బాబూ. నేను టెలికాం శాఖలో చేరి, 2000 అక్టోబర్ 1న బీఎస్ఎన్ఎల్ పుట్టాక కంపెనీ మనిషినై, హనుమకొండలో రిటైరయ్యాను. లోపల జరిగేది నాకు తెలిసినంత చెప్తాను.

ఫోన్ ఆన్ కాగానే టవర్‌కు రెండు సంగతులు చెప్తుంది. నాలో ఉన్న సిమ్ ఇది, నా సొంత నంబర్ ఇది అని. ఆ సొంత నంబరే ఐఎంఈఐ. ఇదివరకు ఏ కంపెనీ నల్లజాబితా ఆ కంపెనీదే. ఒక కంపెనీ ఆపితే దొంగ ఇంకో కంపెనీ సిమ్ వేసుకుని హాయిగా తిరిగేవాడు. అందుకని శాఖ సీఈఐఆర్ పేరుతో దేశం మొత్తానికి ఒకే జాబితా పెట్టింది. మీరు ఫారం నింపితే, సాధారణంగా 24 గంటల్లో ఆ నంబర్ అన్ని కంపెనీలకూ చేరుతుంది. ఆ తర్వాత ఎవరైనా సిమ్ వేస్తే ఫోన్ పనిచేయదు, కానీ వేసిన సంగతి నమోదవుతుంది. ఏ నంబర్ సిమ్ వేశారో పోలీసులకు తెలుస్తుంది. వాళ్లు ఆ నంబర్‌కు ఫోన్ చేసి "స్టేషన్‌కు తెచ్చివ్వు" అంటారు. ఊళ్లలో సగం ఫోన్లు అట్లాగే వస్తాయి. చాలామంది దొంగలు కూడా కాదు, ఎవరి దగ్గరో చవకగా కొనుక్కున్నవాళ్లు.

కాబట్టి పట్టుకునేది పోలీసులు, పట్టిక పెట్టేది శాఖ. 2019లో మహారాష్ట్రలో ప్రయోగంగా మొదలైంది, తర్వాత ఢిల్లీకి వచ్చింది, 2023 మే నెలలో దేశమంతా తెరిచారు. మన తెలంగాణ పోలీసులు అంతకు ముందు నెలలోనే వాడకం మొదలుపెట్టారు. ఈ పనిలో మనవాళ్లకు మంచి పేరే ఉంది, ఊరికే అనడం లేదు. ఫోన్ దొరికాక మళ్లీ అదే సైట్‌లో అన్‌బ్లాక్ పెట్టుకోవాలి, ఆ రిక్వెస్ట్ నంబర్ మాత్రం పారేయొద్దు.

కేయూ క్యాంపస్
ఐఎంఈఐ మార్చేసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయట. అప్పుడేం చేస్తారు సార్?

ఎక్స్ఛేంజి పెద్దాయన
మారుస్తారు. విప్పి స్క్రీన్, బ్యాటరీ వేరువేరుగా అమ్ముకుంటారు. దేశం దాటిస్తే మన జాబితా అక్కడ చెల్లదు. అన్ని ఫోన్లూ వస్తాయని నేను మాటివ్వలేను. ఐఎంఈఐ మార్చడం మాత్రం టెలికాం చట్టం 2023 ప్రకారం నేరం. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పోయి వచ్చిన చట్టం ఇదే. రిపేరు దుకాణాల తమ్ముళ్లు గుర్తుపెట్టుకోండి.

చౌరస్తా రిపేరు దుకాణం
మమ్మల్నెందుకు చూస్తారు సార్ 🙏

పరకాల పత్తిచేను
డబ్బా దొరికింది, అటక మీద ఉంది. రెండు నంబర్లూ ఎక్కించి, అక్క ఫోన్‌కు ఓటీపీ పెట్టుకున్నాం. రిక్వెస్ట్ నంబర్ వచ్చింది. చాలా థ్యాంక్స్. ఇంకోటి, ట్రాయ్‌కు కూడా చెప్పాలా?

ఎక్స్ఛేంజి పెద్దాయన
వద్దు. చదువుకున్నవాళ్లు కూడా అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు, అందుకే కాగితాలు తప్పుచోటికి పోయి తిరిగొస్తాయి.

ఢిల్లీలో అశోకా రోడ్డు మీద సంచార్ భవన్‌లో ఉండేది టెలికాం శాఖ. లైసెన్సులు, స్పెక్ట్రమ్, సిమ్ ఎవరికి ఎలా ఇవ్వాలన్న నిబంధనలు దాని చేతిలో ఉంటాయి. ట్రాయ్ వేరు, 1997లో వచ్చింది. ధరలు, సర్వీసు నాణ్యత మీద కంపెనీలకు నియమాలు పెడుతుంది. మీ నాన్న ఫోన్ గురించో మా ఇంటి బిల్లు గురించో ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకుని తేల్చదు. పోస్టల్, టెలికాం ఒకప్పుడు ఒకటే, 1985లో రెండు శాఖలయ్యాయి. ఇప్పటికీ రెండూ కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ కిందే ఉన్నాయి. మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, సహాయమంత్రి గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్. డిజిలాకర్, ఉమంగ్ లాంటివి చూసే ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2016లో వేరుపడింది. మీసేవ మన రాష్ట్రానిది. ఇక సైబర్ మోసాల నంబర్ 1930 హోం శాఖది.

మా రోజుల్లో ఈ గొడవ లేదు. ఫోన్ ఇచ్చేది శాఖే, చెడిపోతే బాగుచేసేది శాఖే, తిట్లు తినేదీ శాఖే. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు, అది వేరే సంగతి.

నర్సంపేట టీచరమ్మ
ట్రాయ్ అంటే గుర్తొచ్చింది. మొన్న మా అత్తమ్మకు ఫోన్. రికార్డు చేసిన గొంతు: "మీ నంబర్ నుంచి తప్పుడు మెసేజ్‌లు పోయాయి, రెండు గంటల్లో నంబర్ కట్ చేస్తాం, వివరాలకు 9 నొక్కండి." ట్రాయ్ నుంచి అని చెప్పారట. అత్తమ్మ 9 నొక్కేసింది. ఒకడు లైన్లోకి వచ్చి హిందీలో ఆధార్ నంబర్ అడిగితే ఆమెకు అర్థంకాక "మా కోడలికి ఇస్తా ఉండు" అంది. నేను ఫోన్ తీసుకుని గట్టిగా మాట్లాడేసరికి పెట్టేశాడు. డబ్బులేమీ పోలేదు. ఇలాంటి నంబర్ ఎక్కడ చెప్పాలి?

కాజీపేట జంక్షన్
అత్తమ్మకు హిందీ రాకపోవడమే కాపాడింది 😀

ఎక్స్ఛేంజి పెద్దాయన
అమ్మా, నంబర్ కట్ చేస్తామని ట్రాయ్ గానీ శాఖ గానీ ఎవరికీ ఫోన్ చేయవు. డబ్బు పోలేదు కాబట్టి సంచార్ సాథీలోనే చక్షు అనే చోట చెప్పండి. 2024 మార్చిలో పెట్టారు. కాల్ అయినా, ఎస్సెమ్మెస్ అయినా, వాట్సాప్ అయినా ఆ నంబర్, తేదీ, టైమ్, స్క్రీన్‌షాట్ ఇస్తే సరిపోతుంది. డబ్బు పోతే మాత్రం చక్షులో కూర్చుని టైప్ చేస్తూ ఉండొద్దు, వెంటనే 1930. ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు బ్యాంకు ఆపగలగాలి, ఎంత తొందరగా చెప్తే అంత మేలు.

సంగెం సూపర్‌వైజర్
అదే సైట్‌లో మన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునేది కూడా ఉంది, అందరూ చూడండి. నేను చూస్తే నేనెప్పుడూ వినని నంబర్ ఒకటి కనిపించింది. ఎప్పుడో జిరాక్స్ ఇచ్చిన చోటే ఎవడో వాడుకుని ఉంటాడు. "నా నంబర్ కాదు" అని నొక్కి పంపించా, కొన్నాళ్లకు లిస్టులోంచి పోయింది.

మా టెక్స్‌టైల్ పార్కు వైపు ఇంకో బాధ ఉంది. ఒడిశా, బీహార్ నుంచి పనికొచ్చిన పిల్లలకు మేస్త్రీలు తమ పేరు మీద సిమ్‌లు తీసి ఇస్తారు. పిల్లాడు ఊరికి పోతాడు, సిమ్ ఎవడి చేతిలో పడుతుందో తెలియదు. రేపు దాంతో మోసం జరిగితే పోలీసులు వచ్చేది మేస్త్రీ ఇంటికే.

ఎక్స్ఛేంజి పెద్దాయన
సరిగ్గా చెప్పారు. ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌లు దాటకూడదు. జమ్ముకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 6. దాటితే కొత్త చట్టంలో మొదటిసారి 50 వేల వరకు, మళ్లీ దొరికితే 2 లక్షల వరకు జరిమానా. మేస్త్రీలకు ఈ అంకెలు చెప్పి చూడండి. పనివాళ్లు తమ ఆధార్‌తో తామే తీసుకోవచ్చు, ఊరు ఒడిశా అయితే ఇక్కడ సిమ్ ఇవ్వరన్నది ఉత్త మాట.

ఒక్క జాగ్రత్త. లిస్టులో తెలియని నంబర్ కనపడగానే నొక్కేయకండి. ఇంట్లో అందర్నీ అడగండి. అమ్మ గ్యాస్ బుకింగ్ నంబరో, ఊళ్లో బోరు మోటారు స్టార్టర్‌లో పెట్టిన సిమ్మో అయి ఉండొచ్చు. మోటారు స్టార్టర్ సిమ్‌ను ఎవరూ లెక్కలో పెట్టుకోరు!

ఈ నంబర్ల లిస్టు చూసుకునే సదుపాయం ముందుగా మొదలైంది మన సర్కిల్‌లోనే, 2021లో. టెలికాం శాఖ లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇంకా ఒకే లైసెన్సు ప్రాంతం. రాష్ట్రం విడిపోయినా అక్కడ విడిపోలేదు.

కేయూ క్యాంపస్
ఇంత మంచి యాప్ అయితే అందరి ఫోన్లలో ముందే వేయించాలని చూస్తే జనం ఎందుకు వద్దన్నారు? 2025 నవంబర్ 28న కొత్త ఫోన్లన్నిట్లో వేసి అమ్మాలని కంపెనీలకు ఆదేశమిచ్చారు, డిసెంబర్ 3కల్లా వెనక్కి తీసుకున్నారు. నా మట్టుకు వెనక్కి తీసుకోవడమే సరైంది. మంచి పని చేసే యాప్ అయినా నా ఫోన్‌లో నన్నడగకుండా ఎవరూ పెట్టకూడదు. కాల్స్, మెసేజ్‌ల అనుమతులు అడిగే యాప్ అయితే అసలే వద్దు.

సంగెం సూపర్‌వైజర్
తమ్మీ, నీ ఫోన్‌లో రీల్స్ యాప్ అడగని అనుమతి ఏముంది? దానికి ఇస్తావు, సర్కారుకు ఇవ్వవా?

కేయూ క్యాంపస్
రీల్స్ యాప్ నన్ను జైల్లో పెట్టలేదు అన్నా. సర్కారు పెట్టగలదు. తేడా అదే.

చౌరస్తా రిపేరు దుకాణం
పంచాయితీ వద్దు. యాప్ ఇష్టం లేనివాళ్లు వెబ్‌సైట్ వాడండి. ఫోన్ బ్లాకింగ్, నంబర్ల లిస్టు, చక్షు మూడూ బ్రౌజర్‌లోనే అవుతాయి. యాప్ 2025 జనవరిలో వచ్చింది, అంతకు ముందు మేం ఇదంతా చేయలేదా?

జగిత్యాల నుంచి దోహా
నాది వేరే బాధ అన్నలూ. అదే నవంబర్‌లో వాట్సాప్ లాంటివాటికి ఇంకో ఆదేశం ఇచ్చారు గదా, ఏ నంబర్‌తో నడుస్తుందో ఆ సిమ్ ఫోన్‌లోనే ఉండాలని, కంప్యూటర్లో తెరిచింది ఆరు గంటలకొకసారి లాగౌట్ కావాలని. ఇక్కడ మా రూమ్‌లో అందరివీ ఇండియా నంబర్ వాట్సాప్‌లే. సిమ్ మాత్రం ఊళ్లో ఇంట్లో డబ్బాలో ఉంటుంది. బ్యాంకు ఓటీపీ వస్తే ఆవిడ చదివి చెప్తుంది. సైబర్ దొంగల కోసం పెట్టింది మా మెడకు చుట్టుకునేట్టుంది.

ఎక్స్ఛేంజి పెద్దాయన
బాబూ, ఆదేశం వెనక కారణం ఉంది. మన నంబర్లతో వాట్సాప్ తెరిచి, సిమ్ తీసి పారేసి, కంబోడియా లాంటి చోట కూర్చుని ఫోన్లు చేసే ముఠాల్ని ఆపాలని. కానీ గల్ఫ్‌లో కష్టపడేవాళ్ల గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్ల సంగతి సంచార్ భవన్‌లో ఎవరికి గుర్తుంటుంది?

నా సలహా ఒకటే, ఈ ఆదేశంతో పనిలేకుండా కూడా. ఈసారి ఊరికొచ్చినప్పుడు ఆ సిమ్ వెంట తీసుకుపోండి. మీ ఫోన్‌కు కార్డు అక్కర్లేని ఈ-సిమ్ కుదిరితే ఇంకా మంచిది, రెండో సిమ్ స్లాటు ఖతర్ నంబర్‌కు మిగులుతుంది. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, రోమింగ్ డేటా మాత్రం ఆఫ్‌లో పెట్టండి, లేదంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఓటీపీ మీకే వస్తుంది. రీచార్జి వదిలేయొద్దు. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకం లేకపోతే కంపెనీ తీసేయొచ్చు, తర్వాత ఇంకెవరికో ఇస్తారు. మీ బ్యాంకు ఓటీపీ వాళ్లకు పోతుంది.

జగిత్యాల నుంచి దోహా
రోమింగ్ ఎస్సెమ్మెస్‌కు డబ్బులు పడతాయని భయపడి ఎవరం తేలేదు సార్.

చౌరస్తా రిపేరు దుకాణం
వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా పడవు అన్నా. కాల్ ఎత్తితేనే వాత. ఊళ్లో ఉన్నప్పుడే మీ ప్లాన్‌లో ఏముందో కంపెనీ యాప్‌లో చూసుకుని బయల్దేరండి.

తాడ్వాయి అడవి
మీరంతా సిమ్‌లు, యాప్‌లు అంటున్నారు. మాకు ముందు సిగ్నలే లేదు. జాతరప్పుడు బండ్ల మీద టవర్లు తెచ్చి పెడతారు, ఆ నాలుగు రోజులు వీడియో కాల్ కూడా నడుస్తుంది. జాతర కాగానే టవర్లు బండ్లెక్కి పోతాయి. మా గూడెంలో ఫోన్ రావాలంటే చెరువు కట్ట మీద, తుమ్మచెట్టు పక్కన నిలబడాలి. అక్కడ కూడా ఒక గీత. రేషన్ డీలర్ మిషన్ పట్టుకుని అదే కట్ట మీదికి వస్తాడు, ముసలోళ్లు కర్ర పట్టుకుని గట్టెక్కి వేలిముద్ర వేయాలి. నెట్‌వర్క్ కంపెనీకి ఫోన్ చేస్తే "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ కూడా కట్ట మీదికి పోయాకే వస్తుంది.

నర్సంపేట టీచరమ్మ
అయ్యో. ఆన్‌లైన్ హాజరు వేయడానికి మా పిల్లల స్కూళ్లలో టీచర్లు కూడా ఇదే పాట్లు. కొత్తగూడ, గంగారం వైపు పోయినవాళ్లను అడగండి.

ఎక్స్ఛేంజి పెద్దాయన
ఈ శాఖ మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. డబ్బు లేక కాదు. ప్రతి కంపెనీ రాబడిలో 5 శాతం మారుమూల పల్లెల సేవలకని తీసి పెడతారు. పేరు యూనివర్సల్ సర్వీస్ నిధి, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. 2022 జూలైలో సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వాలని 26,316 కోట్లతో కేబినెట్ ఒప్పుకుంది, పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పజెప్పింది. 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని స్వదేశీ 4జీ ప్రారంభించారు, 97,500 పైచిలుకు టవర్లు. మన దేశంలో తయారైన పరికరాలతో అంత పెద్ద నెట్‌వర్క్ కట్టడం చిన్న విషయం కాదు, పాత ఉద్యోగిగా గర్వపడ్డాను. కానీ లెక్కలో ఊరంటే రెవెన్యూ గ్రామం. దాని కింద ఉన్న గూడెం, తండా వేరే లెక్కకు రావు. ఊళ్లో టవర్ ఉంటే మీ గూడెం కూడా కవరైనట్టే రాసేస్తారు. పైగా అభయారణ్యం, అనుమతులకే కాలం పోతుంది.

తాడ్వాయి అడవి
మరి మేమేం చేయాలి సార్?

ఎక్స్ఛేంజి పెద్దాయన
ఫోన్‌లో చెప్పి వదిలేయొద్దు. కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు నంబర్ రాసుకోండి. పరిష్కరించకుండా మూసేస్తే 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీల్ వేయండి. ప్రతి కంపెనీలో అప్పీల్ వ్యవస్థ ఉండాలన్నది ట్రాయ్ నిబంధన, దానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడా తేలకపోతే కేంద్ర ఫిర్యాదుల పోర్టల్‌లో, సీపీగ్రామ్స్ అంటారు, టెలికాం శాఖను ఎంచుకుని పెట్టండి. కంపెనీ ఫిర్యాదు నంబర్, అప్పీల్ నంబర్ అందులో రాయకపోతే "ముందు కంపెనీని అడగండి" అని తిప్పి పంపుతారు.

ఏం రాయాలన్నది అసలు సంగతి. "మా ఊళ్లో సిగ్నల్ లేదు" అంటే ఎవడూ కదలడు. గూడెం పేరు, గ్రామ పంచాయతీ, మండలం రాయండి. మ్యాప్‌లో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి. ఎన్ని ఇళ్లు, బడి ఉందా, అంగన్‌వాడీ ఉందా, రేషన్ ఎక్కడ ఇస్తున్నారు అన్నీ రాయండి. డీలర్ మిషన్‌తో గట్టు మీద ఉన్న ఫొటో పెట్టండి, అది ఒక్కటే పది వాక్యాల పెట్టు. ఇంకోటి, ఏ చోట ఏ సేవ అందుతుందో కంపెనీలు తమ సైట్‌లో మ్యాప్ పెట్టాలని ట్రాయ్ నియమం చేసింది. మీ గూడెం ఆ మ్యాప్‌లో రంగుతో కనపడుతుందేమో చూడండి.

కేయూ క్యాంపస్
ఇప్పుడే చూశా. తాడ్వాయి చుట్టూ చాలా మేర రంగు నింపే ఉంది. అన్నా, మీ గూడెం పేరు పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి, స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తా. ఫిర్యాదు ఇంగ్లీషులో నేను రాస్తా.

తాడ్వాయి అడవి
పెడతా తమ్మీ. పొద్దున సర్పంచ్‌తో లెటర్ కూడా రాయిస్తా. జవాబు లేటైతే ఏమనుకోవద్దు, కట్ట మీదికి పోయి చూసుకోవాలి.

జమ్మికుంట మిర్చి బస్తా
టవర్ అంటే అడుగుతున్నా. మా ఖాళీ జాగాలో 5జీ టవర్ పెడతాం, నెలకు కిరాయి, ఇంట్లో ఒకరికి ఉద్యోగం అని లెటర్ వచ్చింది. టెలికాం శాఖ ముద్ర, మూడు సింహాలు అన్నీ ఉన్నాయి. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు.

ఎక్స్ఛేంజి పెద్దాయన
చించేయకండి, పోలీస్ స్టేషన్‌లో చూపించి ఫిర్యాదు ఇవ్వండి. టవర్ కోసం శాఖ గానీ ట్రాయ్ గానీ ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవు, అనుమతి పత్రాలు పంపవు. టవర్ కంపెనీ జాగా తీసుకుంటే మీకు కిరాయి ఇస్తుంది, మీ దగ్గర తీసుకోదు.

చౌరస్తా రిపేరు దుకాణం
ఒక్క మాట అందరికీ. జాతర తర్వాత మా వైపు సెకండ్ హ్యాండ్ ఫోన్లు తెగ వస్తాయి. కొనేముందు ఫోన్ ఐఎంఈఐ అడగండి. ఇంగ్లీషులో కేవైఎం అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు కొట్టి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. ఫోన్ ఏ మోడలో వస్తుంది, బ్లాక్ అయిందయితే అదీ చెప్తుంది. చేతిలో ఉన్న ఫోన్ ఒక మోడల్, మెసేజ్‌లో ఇంకో మోడల్ వస్తే దాన్ని ముట్టుకోవద్దు.

కాజీపేట జంక్షన్
మెసేజ్‌లో బ్లాక్ అని రాలేదు, మోడల్ కూడా సరిపోయింది, కానీ బిల్లు లేదు, డబ్బా లేదు, అమ్మేవాడు మూడు వేలకే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

చౌరస్తా రిపేరు దుకాణం
పోగొట్టుకున్నవాడు ఇంకా ఫారం నింపలేదేమో. తీసుకోవద్దన్నా.